ఆటగాళ్ల పాదాలు చూసే వృత్తి: స్పోర్ట్స్ పోడియాట్రీలోకి రావాలనుకునేవారికి

మీరు అడిగినవి క్లుప్తంగా ఇవీ. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నారు, మధ్యదూరం పరుగుల్లో పోటీ పడుతుంటారు. మడమ నొప్పితో ఒక సీజనంతా పోయింది, చివరికి ఒక పోడియాట్రిస్టు దగ్గర తగ్గింది. ఇప్పుడు మీరూ అదే పని చేయాలనుకుంటున్నారు. రోజూ చేసే పని ఎలా ఉంటుంది, ఫిజియోథెరపిస్టుకీ మనకీ తేడా ఏమిటి, ఎన్నేళ్లు చదవాలి, పెద్ద జట్లతో పనిచేసే అవకాశం నిజంగా వస్తుందా, ఇన్‌సోల్స్ తయారీ బాగా నేర్చుకుంటే చాలా అని అడిగారు. చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. మిగతావాటికి జవాబులు చాలావరకు అందులోనే దొరుకుతాయి.

చాలదు. ఇన్‌సోల్ మన చేతిలో ఉన్న పనిముట్లలో ఒకటి, అంతే. ఆటగాడు మన దగ్గరికి వచ్చేది ఒక్క జవాబు కోసం: ఈ పాదం ఇవాళ ఎంత మోయగలదు, వచ్చే వారం ఎంత మోయగలదు, ఎక్కడ ఆపేయాలి. వ్యాయామం, బూట్లు, టేపు, ఇన్‌సోల్ అన్నీ ఆ జవాబు చుట్టూ తిరిగేవే. ఈ లెక్క వేయడం వచ్చినవాడి చేతిలో మామూలు రెడీమేడ్ ఇన్‌సోల్ కూడా పనిచేస్తుంది. రానివాడు ఎంత ఖరీదైన స్కానర్ కొనుక్కున్నా, పేషెంట్ రెండు నెలలు తిరక్కుండానే అదే నొప్పితో ఇంకొకరి దగ్గరికి వెళ్తాడు.

పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ నేల నుంచి తిరిగొచ్చే దెబ్బ ఒంటి బరువుకి రెండు మూడింతలు. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే తాడులాంటి అకిలెస్ టెండన్ మీద పడే లాగుడు ఇంకా ఎక్కువ, ఒంటి బరువుకి ఆరింతలు దాటిపోతుంది. కిలోమీటరుకి ఇంచుమించు వెయ్యి అడుగులు వేసుకుంటే, పది కిలోమీటర్ల పరుగులో ఒక్కో పాదం ఐదు వేలసార్లు దీన్ని భరిస్తుంది. పాదానికి ఆ శక్తి ఉంది. ఎముకైనా టెండనైనా భారం పడేకొద్దీ గట్టిపడతాయి, కాకపోతే వాటికి టైమ్ కావాలి. శిక్షణ పెరిగే వేగాన్ని అవి గట్టిపడే వేగం అందుకోలేనప్పుడే గొడవ మొదలవుతుంది. పరుగెత్తేవాళ్లకు వచ్చే గాయాల్లో ఎక్కువ భాగం కిందపడితే వచ్చేవి కావు, ఇలా రోజురోజూ పోగుపడేవే.

మీ మడమ నొప్పినే తీసుకుందాం. పేషెంట్ కూర్చోగానే నేను పాదం పట్టుకోను. "గత ఆరు వారాల్లో ఏం మారింది?" అని అడుగుతాను. చాలామంది ముందు ఏమీ మారలేదంటారు. కాసేపు మాట్లాడిస్తే బయటికొస్తుంది: కొత్త కోచ్ వచ్చి ఎత్తు ఎక్కే పరుగులు పెట్టించాడు, లేదా బూట్లు మార్చారు, లేదా రోజంతా నిలబడే ఉద్యోగంలో చేరారు. తర్వాత నొప్పి తీరు. పొద్దున లేచి వేసే మొదటి అడుగుకి ప్రాణం పోయినట్టుండి, నాలుగడుగులు వేశాక తగ్గుతోందా? లేక నడిచేకొద్దీ పెరుగుతోందా? ఈ ఒక్క తేడా సగం దారి చూపిస్తుంది.

అప్పుడు చేతులు. ఒక చేత్తో పేషెంట్ కాలి బొటనవేలిని పైకి వంచి పడితే, అరికాలి కింద మడమ నుంచి వేళ్ల వైపు సాగే గట్టి పట్టీ, అంటే ప్లాంటార్ ఫాషియా, బిగుసుకుని చర్మం కిందే చేతికి తగులుతుంది. పాదం వంపు కూడా కాస్త పైకి లేస్తుంది. హిక్స్ అనే సర్జన్ 1954లో వివరించిన విండ్‌లాస్ మెకానిజం ఇదే, నడకలో ప్రతి అడుగు చివరా జరిగేది కూడా ఇదే. బిగుసుకున్న ఆ పట్టీ వెంబడి నా రెండో చేతి బొటనవేలిని మడమ వైపు జరుపుకుంటూ వచ్చి, మడమ ఎముక ముందు భాగంలో, లోపలి అంచున నొక్కుతాను. అక్కడ పేషెంట్ కాలు చటుక్కున లాక్కుంటే అది మనం అనుకున్న మడమ నొప్పే, ప్లాంటార్ ఫాషియాదే. కానీ అక్కడితో ఆపకూడదు. రెండు అరచేతుల మధ్య మడమను పెట్టి రెండు పక్కల నుంచీ గట్టిగా నొక్కి చూడాలి. దానికి నొప్పి ఎక్కువగా వస్తే మడమ ఎముకలో సన్నని పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్, ఉందేమోనని అనుమానించి ఎంఆర్ఐకి పంపాలి.

ఫాషియా నొప్పి ఉన్నవాడూ, ఎముక పగిలినవాడూ ఇద్దరూ "మడమ నొప్పి" అనే వస్తారు. మొదటి మనిషి దూరం తగ్గించుకుని పరుగెత్తుతూనే బాగుపడవచ్చు. రెండో మనిషి పరుగు వెంటనే ఆపేయాలి. ఇద్దరికీ ఒకే మెత్తని ఇన్‌సోల్ ఇచ్చి పంపితే మొదటివాడికి కొంత హాయిగా ఉంటుంది. రెండోవాడికి కూడా కొంత హాయిగానే ఉంటుంది, అందుకే ఇంకా నాలుగు వారాలు పరుగెత్తి ఎముకను పూర్తిగా విరగ్గొట్టుకుంటాడు. చేతులతో రెండు నిమిషాల పని అది. మన వృత్తికి విలువంతా అక్కడుంది.

ఆ తర్వాత వచ్చే పని వ్యాయామం. ఇక్కడ గత పాతికేళ్లలో చాలా మారింది. 1998లో స్వీడన్‌కు చెందిన సర్జన్ హోకాన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం అకిలెస్ టెండన్ నొప్పికి ఒక పద్ధతి ప్రచురించింది. మెట్టు అంచున ముంగాలి మీద నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించడం. మోకాలు చాచి ఒకసారి, వంచి ఒకసారి, ఒక్కోటి 15 చొప్పున మూడు విడతలు, రోజుకి రెండు పూటలు, 12 వారాలు. లెక్కేస్తే రోజుకి 180 సార్లు. ఆల్‌ఫ్రెడ్‌సన్‌కే ఆ నొప్పి ఉండేదనీ, ఆపరేషన్‌కి పైవాళ్లు ఒప్పుకోకపోవడంతో టెండన్ తెగితేనైనా చేస్తారని కావాలనే భారం వేశారనీ, తెగకపోగా నొప్పి తగ్గిపోయిందనీ ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. ప్లాంటార్ ఫాషియాకి కూడా 2015లో డెన్మార్క్ పరిశోధకులు ఇలాంటిదే చూపించారు: కాలివేళ్ల కింద చుట్టిన టవల్ పెట్టి, రోజు విడిచి రోజు, నెమ్మదిగా మడమలు ఎత్తి దించడం. నొప్పి ఉన్నచోట విశ్రాంతి ఇవ్వాలన్న పాత ఆలోచన పోయి, సరైన మోతాదులో భారం వేయాలన్న ఆలోచన వచ్చింది. మోతాదు చెప్పేది మీరు. వ్యాయామం చేస్తున్నప్పుడు నొప్పి పదికి ఐదు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి వచ్చేయాలి అనేది టెండన్ కేసుల్లో బాగా నలిగిన కొలత. పేషెంట్‌కి ఈ ఒక్క ముక్క అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు ఇన్‌సోల్స్ సంగతి. 1970లలో అమెరికన్ పోడియాట్రిస్టు మెర్టన్ రూట్, ఆయన సహచరులు పాదానికి ఒక ఆదర్శ స్థితి ఉంటుందనీ, దాని నుంచి పక్కకు జరిగిన పాదాన్ని ఆర్థోటిక్స్‌తో, అంటే పాదానికి తగ్గట్టు చేసే ఇన్‌సోల్స్‌తో, సరిచేయాలనీ ఒక పద్ధతి కట్టారు. దశాబ్దాలపాటు ప్రపంచమంతా అదే నేర్పారు. కొలతలో ఇద్దరు నిపుణులకు ఒకే అంకె రావడం కష్టమని, ఏ ఇబ్బందీ లేని పాదాలు కూడా ఆ ఆదర్శంలో ఇమడవని తర్వాత తేలింది. అమెరికా సైన్యంలో రిక్రూట్లకు పాదం వంపును బట్టి బూట్లు ఇచ్చి, మిగతావారికి అందరికీ ఒకే రకం ఇచ్చి పోల్చి చూశారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అలాగని ఇన్‌సోల్స్ పనికిరావని కాదు. ఒక నిర్దిష్టమైన చోట భారాన్ని కొంతకాలం తప్పించడానికి అవి చక్కగా పనికొస్తాయి. బొటనవేలి కింది చిన్న ఎముకల నొప్పికీ, ముంగాలి నొప్పికీ నేను ఇప్పటికీ వాడతాను. నాకు నచ్చనిది, చదును పాదం కనబడగానే "మీ పాదం తప్పుగా ఉంది" అని భయపెట్టి జీవితాంతం అంటగట్టడం. అబెబే బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్ చెప్పుల్లేకుండా గెలిచాడు, 1964లో టోక్యోలో బూట్లతో గెలిచాడు. బూట్లు మంచివా చెడ్డవా అని వాదించేవాళ్లు ఇద్దరూ ఆయన పేరే వాడుకుంటారు. ఆయన పాదం రెండిటికీ అలవాటు పడింది, నాకు తెలిసినంతలో అందులో ఉన్న విషయం అదే.

బూట్ల మీద మాత్రం మీకు పట్టు ఉండాలి. పేషెంట్ వాడిన పాత బూట్లు తెమ్మంటే చాలా తెలుస్తుంది: అడుగు ఎక్కడ అరిగింది, లోపల బొటనవేలు ఎక్కడ గుంట చేసింది, మడమ భాగం ఒక పక్కకు ఒరిగిందా. అడుగులో గట్టి కార్బన్ పలక ఉండే కార్బన్ ప్లేట్ బూట్లు వచ్చాక ఈ పని ఇంకా పెరిగింది. రోడ్డు పోటీల్లో బూటు అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని వరల్డ్ అథ్లెటిక్స్ నియమం పెట్టింది. ఈ బూట్లు వాడిన పోటీ రన్నర్లలో పాదం మధ్యనుండే నావిక్యులర్ ఎముకకు వచ్చిన స్ట్రెస్ గాయాలు ఐదింటిని 2023లో ఒక వ్యాసంలో ప్రచురించారు. రాసినవారిలో అమోల్ సక్సేనా అనే స్పోర్ట్స్ పోడియాట్రిస్టు కూడా ఉన్నారు. ఐదు కేసులతో బూట్లదే తప్పని తేల్చలేం. కానీ కొత్త బూట్లకు నెమ్మదిగా మారండి, వాటితోనే రోజూ పరుగెత్తకండి అని చెప్పడానికి అది చాలు.

ఫిజియోథెరపిస్టుతో తేడా గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మోకాలి కింద గాయాల్లో ఇద్దరి పనీ సగానికి పైగా ఒకటే. వాళ్లకు ఒళ్లంతా తెలుసు. తుంటి బలహీనత వల్ల పాదం మీద భారం పడుతుంటే వాళ్లు మనకంటే బాగా పట్టుకుంటారు. మనకు పాదం లోతుగా తెలుసు, పైగా చర్మం, గోళ్లు, రక్తప్రసరణ, నరాలు కూడా మన పరిధిలోనివే. కత్తి పట్టుకోవడం, మత్తు ఇంజెక్షన్ ఇచ్చి గోరు తీయడం మన చదువులో భాగం. ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికి పంపాల్సిందేదో గుర్తుపట్టడమూ మన పనే. మంచి క్లినిక్‌లో ముగ్గురూ ఒకరికొకరు పేషెంట్లను పంపుకుంటారు. "నేనొక్కడినే అన్నీ చూస్తాను" అనేవాళ్లతో పనిచేయకండి.

చర్మం, గోళ్లు అన్నాను కదా, అక్కడ కాసేపు ఆగాలి. ఈ వృత్తిలోకి ఆటల మీద ఇష్టంతో వచ్చేవాళ్లలో చాలామంది నిరుత్సాహపడేది ఇక్కడే. చదువయ్యాక మొదటి కొన్నేళ్లు మీ ముందుకొచ్చేవి ఎక్కువగా ఆనెకాయలు, లోపలికి పెరిగిన గోళ్లు, పులిపిర్లు, గోళ్లకు ఫంగస్, డయాబెటిస్ ఉన్న పెద్దవాళ్ల అరికాలి పుండ్లు. ఇది ఆటల పనికి అడ్డం కాదు, పునాది. నైలాన్ పోగులాంటి పది గ్రాముల మోనోఫిలమెంట్‌తో అరికాలి స్పర్శ చూడటం, పాదం మీద నాడి వెతకడం, పుండు లోతు అంచనా వేయడం ఈ పేషెంట్ల దగ్గరే చేతికి వస్తాయి. ఆనెకాయను బ్లేడుతో పొరలుపొరలుగా, రక్తం చుక్క రాకుండా, నడిమి గింజ దాకా తీయడానికి చెయ్యి తిరగాలి. అలా తిరిగిన చెయ్యి రేపు రన్నర్ ముంగాలి కింద గట్టిపడిన చర్మాన్ని పోటీకి ముందు ఎంత తీయాలో, ఎంత ఉంచాలో చెప్తుంది. మొత్తం తీసేస్తే అక్కడ బొబ్బ లేస్తుంది. అది ఏ పుస్తకంలో చదివినా చేతికి రాదు.

బొబ్బల గురించి ఒక మాట. చర్మం పైన రాపిడి వల్ల బొబ్బ వస్తుందని అందరూ అనుకుంటారు. అసలు జరిగేది వేరు. చెమటకు చర్మం సాక్సుకు అతుక్కుని కదలదు, లోపల ఎముక మాత్రం ముందుకీ వెనక్కీ కదులుతుంది. మధ్యలో పొరలు సాగి సాగి విడిపోతాయి, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. అందుకే చర్మం మీద ఏదో పూయడం కంటే పాదం బూటులో కదిలే తీరు మార్చడం ఎక్కువ పనిచేస్తుంది. సుదీర్ఘ పరుగు పోటీల్లో మెడికల్ టెంటు దగ్గర నిలబడితే ఎముకల కేసుల కంటే ఇవే ఎక్కువ. ఇంత చిన్న విషయానికి నెలల శిక్షణ వృథా అయినవాళ్లను చూస్తే, ఇది చిన్న విషయం అనాలనిపించదు.

నల్లబడిన గోరు కూడా అలాంటిదే. బూటు ముందు భాగం తగిలి గోరు కింద రక్తం గడ్డకట్టడం రన్నర్లకూ ఫుట్‌బాల్ ఆడేవాళ్లకూ మామూలే. నూటికి తొంభైతొమ్మిది అదే అనుకుని వదిలేయడం సులువు. గాయకుడు బాబ్ మార్లీ బొటనవేలి గోరు కింద మచ్చను మొదట ఫుట్‌బాల్ దెబ్బగానే అనుకున్నారు. 1977లో అది మెలనోమా, అంటే చర్మ క్యాన్సర్, అని తేలింది. 1981లో 36 ఏళ్లకే చనిపోయాడు. రక్తపు మచ్చ గోరుతో పాటు ముందుకు జరుగుతుంది. జరగని మచ్చ, వెడల్పవుతున్న గీత, గోరు పక్క చర్మంలోకి పాకిన నలుపు కనిపిస్తే వెంటనే చర్మవైద్యుడి దగ్గరికి పంపాలి. గోళ్లు చూడటం ఇష్టం లేనివాడికి ఇది ఎలా కనిపిస్తుంది?

ఆటల గాయాల్లో మీరు తప్పకుండా కళ్లు పెట్టుకోవాల్సినవి మరికొన్ని ఉన్నాయి. చీలమండ బెణికి వచ్చినవాడికి ఎక్స్‌రే కావాలా వద్దా అన్నది కెనడాలో 1992లో రూపొందిన ఒట్టావా నియమాలు తేలిగ్గా చెప్తాయి: చీలమండ గుబ్బల వెనక అంచున, నావిక్యులర్ మీద, చిటికెనవేలి ఎముక మొదట్లో నొక్కితే నొప్పి ఉందా, నాలుగడుగులు నడవగలడా. ఆ చిటికెనవేలి ఎముకకు వచ్చే ఒక రకం పగులును సర్ రాబర్ట్ జోన్స్ 1902లో వివరించారు. డాన్స్ చేస్తుంటే విరిగిన తన సొంత పాదంతో కలిపి మరీ. అక్కడ రక్తప్రసరణ తక్కువ, అందుకే అతుక్కోవడం ఆలస్యం, అందుకే పోటీ ఆటగాళ్లకు తరచూ స్క్రూ వేస్తారు. నావిక్యులర్ పగులు ఇంకా మోసకారి. నొప్పి పాదం పైభాగంలో ఎక్కడో అస్పష్టంగా ఉంటుంది, వాపు ఉండదు, మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. పాదం మీద ఆ ఎముక పైన ఒక్క వేలితో నొక్కితే నొప్పి తెలిసే చోటు ఉంది. ఆ వేలు పెట్టడం మర్చిపోతే నెలలు పోతాయి. అకిలెస్ పూర్తిగా తెగినవాడు కూడా కొన్నిసార్లు కుంటుతూ నడిచే వస్తాడు. బోర్లా పడుకోబెట్టి పిక్క పిసికినప్పుడు పాదం కదలకపోతే అనుమానం అక్కర్లేదు.

ఇంకొకటి, పాదంలో కనబడేదే అయినా పాదానిది కాదు. ఒక ఏడాదిలో రెండోసారి స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో వచ్చిన అమ్మాయిని నెలసరి గురించి అడగాలి, తిండి గురించి అడగాలి. అబ్బాయిలను కూడా తిండి, నిద్ర గురించి అడగాలి. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోతే హార్మోన్లు తగ్గుతాయి, ఎముక బలహీనపడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టి, 2023లో తాజా సూచనలు ఇచ్చింది. పాదాల డాక్టరు ఇవన్నీ ఎందుకు అడుగుతున్నాడని పేషెంట్ వింతగా చూస్తే చూడనివ్వండి. అడగడానికి మొహమాటపడే స్వభావమైతే దాన్ని ఇప్పుడే వదిలించుకోండి. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలు ఆట తర్వాత మడమ వెనక నొప్పి అంటే అది ఎక్కువగా సెవర్స్, ఎదిగే ఎముక దగ్గర వచ్చేది. అక్కడ వైద్యం అవసరమయ్యేది సగం తల్లిదండ్రులకే. బిడ్డ ఎదుగుదల ఆగిపోదని, ఆట మానిపించక్కర్లేదని, కొన్నాళ్లు తగ్గిస్తే చాలని ఓపిగ్గా చెప్పాలి.

చదువు సంగతి. పోడియాట్రీని విడిగా డిగ్రీగా నేర్పే దేశాలు మరీ ఎక్కువ లేవు, పైగా దేశాన్ని బట్టి ఆ పేరుకి అర్థమే మారుతుంది. బ్రిటన్‌లో సాధారణంగా మూడేళ్ల బీఎస్సీ, స్కాట్లాండ్‌లో నాలుగేళ్లు. తర్వాత అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో నమోదు తప్పనిసరి, నమోదు లేకుండా పోడియాట్రిస్టునని చెప్పుకోవడం చట్టవిరుద్ధం. ఆస్ట్రేలియాలో ఎక్కువగా నాలుగేళ్లు, అక్కడ నమోదు ఆప్రా అనే అలాంటి సంస్థ ద్వారా. అమెరికాలో లెక్క వేరు: ముందు కాలేజీ డిగ్రీ, ఆపైన నాలుగేళ్ల డీపీఎం అనే పోడియాట్రీ డాక్టర్ పట్టా, దాని మీద ఆసుపత్రిలో మూడేళ్ల శిక్షణ, అంటే రెసిడెన్సీ. అక్కడ బయటికొచ్చేవాళ్లు పాదం సర్జరీలు చేస్తారు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో సర్జరీ కావాలంటే ఆ తర్వాత మళ్లీ ఏళ్ల తరబడి వేరే శిక్షణ ఉంటుంది. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది ఏ దేశంలో పనిచేస్తారన్నది. ఒక దేశం పట్టాతో ఇంకో దేశంలో నేరుగా పని మొదలుపెట్టలేరు, అర్హత మళ్లీ పరిశీలిస్తారు. ముఖ్యంగా మూడు, నాలుగేళ్ల డిగ్రీతో అమెరికా వెళ్దామనుకుంటే దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టడమే.

"స్పోర్ట్స్" అనే మాట ఈ పట్టాల్లో ఎక్కడా రాదని గమనించండి. అది తర్వాత మీరు పోగుచేసుకునేది. అమెరికాలో ఏడాది ఫెలోషిప్‌లు ఉన్నాయి. మిగతా చోట్ల స్పోర్ట్స్ మెడిసిన్‌లోనో బయోమెకానిక్స్‌లోనో మాస్టర్స్ చేస్తారు, అల్ట్రాసౌండ్ వాడకం నేర్చుకుంటారు. నన్నడిగితే మాస్టర్స్‌కి తొందర పడొద్దు. కొన్నేళ్లు మామూలు పేషెంట్లను చూశాక చేస్తే, క్లాసులో చెప్పేదాన్ని మీ చేతికి తగిలిన పాదాలతో పోల్చుకోగలుగుతారు. అంతకంటే ముందు పెట్టుబడి పెట్టాల్సింది ఒక మంచి సీనియర్ పక్కన కూర్చోవడం మీద. జీతం కాస్త తక్కువైనా సరే.

పెద్ద జట్ల విషయంలో ఆశ చంపను గానీ నిజం చెప్తాను. పూర్తికాలం పోడియాట్రిస్టును పెట్టుకునే క్లబ్బులు చాలా తక్కువ. ఫిజియోలు, డాక్టర్లు ఫుల్‌టైమ్ ఉంటారు, మనల్ని వారానికో పూట, లేదా అవసరమైనప్పుడు పిలుస్తారు. ఆ పిలుపు ప్రకటన చూసి అప్లై చేస్తే రాదు. స్థానిక పరుగు క్లబ్బు, డాన్స్ స్కూలు, జిల్లా స్థాయి ఫుట్‌బాల్ జట్టు ఫిజియోతో పరిచయం, వాళ్లు పంపిన ఇద్దరు ముగ్గురు పేషెంట్లు తగ్గడం, అలా మెల్లగా వస్తుంది. జట్టులో పనిచేసేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. కోచ్‌కి శనివారం ఆటగాడు కావాలి, ఆటగాడికి తన స్థానం పోకూడదు, మీకేమో ఆ ఎముక మీద నమ్మకం లేదు. మీరు ఎవరి తరఫు అన్నది మొదటి రోజే తేల్చుకుని ఉండాలి. పేషెంట్ తరఫు, అంతే. ఆటగాడికే చెప్పాల్సిన విషయాన్ని ఆయన అనుమతి లేకుండా మేనేజరు చెవిన వేయకూడదు. ఈ గీత దాటినవాళ్లను ఆటగాళ్లు మళ్లీ నమ్మరు. డ్రెస్సింగ్ రూములో అలాంటి కబురు ఒక్క పూటలో తిరిగొస్తుంది.

సంపాదన గురించి అడగలేదు గానీ చెప్పాలి. ఆసుపత్రి ఉద్యోగంలో నిలకడ ఉంటుంది, పెరుగుదల నెమ్మది. సొంత క్లినిక్‌లో ఆదాయం మీ పేరు మీదా, వచ్చిన పేషెంట్లు ఇంకొకరికి చెప్పడం మీదా ఆధారపడుతుంది. స్పోర్ట్స్ పేషెంట్లు సాయంత్రాలూ శనివారాలూ వస్తారు, కాబట్టి మీ సాయంత్రాలు పోతాయి. జట్టు పనికి పేరొస్తుంది, డబ్బు అంతగా రాదు. క్లినిక్ నడిచేది మాత్రం మామూలు పేషెంట్ల మీదే. ఒళ్లు కూడా చూసుకోవాలి: రోజంతా వంగి కూర్చుని పనిచేసే వృత్తి ఇది, మెడ, నడుము, బొటనవేలి కీలు ముందే అరుగుతాయి. ఎత్తు మార్చుకునే కుర్చీ, పేషెంట్ బల్లల మీద మొహమాటం లేకుండా ఖర్చు పెట్టండి.

మీరు స్వయంగా పరుగెత్తడం ఉపయోగమేనా అంటే, అవును, ఒక మేరకు. "రెండు వారాలు పరుగు మానండి" అనే మాట రన్నర్‌కి ఎలా వినిపిస్తుందో మీకు తెలుసు. అందుకే మానమనే బదులు ఏం చేయొచ్చో ముందు చెప్తారు, సైకిలో, నీళ్లలో పరుగో. కానీ మీకు తగ్గిన పద్ధతే అందరికీ తగ్గిస్తుందనే నమ్మకంతో రావద్దు. సొంత గాయంతో ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లలో నేను తరచూ చూసే చిక్కు అదే.

ఇప్పుడు మీరు చేయగలిగిన పని ఒకటుంది. అప్లై చేసే ముందు ఏదైనా పోడియాట్రీ క్లినిక్‌లో ఒక రోజు పక్కన కూర్చుని చూడటానికి అనుమతి అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. స్పోర్ట్స్ క్లినిక్ ఉన్న రోజు అడగకండి, డయాబెటిక్ పాదాలూ గోళ్లూ చూసే రోజు అడగండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండండి. సాయంత్రం బయటికొచ్చేటప్పుడు కూడా ఇంకా ఇదే కావాలనిపిస్తే, ఏ దేశంలో చదవాలనుకుంటున్నారో, డిగ్రీలో జీవశాస్త్రం ఉందో లేదో రాయండి. ప్రవేశానికి ఏ సబ్జెక్టులు అడుగుతారో దాన్ని బట్టి చెప్తాను.